తిమ్మిరికి లేచి నిలబడిన దానమ్మ అత్త

మా దానమ్మ అత్త ప్రభువునందు నిద్రించిందన్న వార్త హిందూపురంలోని నా మైకు సెట్ల అంగడికి ఫోనులో వచ్చిన క్షణాన భూమి కంపించింది, అంబరం చీలింది, పెనుకొండ కొండ మూడు ముక్కలై అందులో ఒకటి రైలు పట్టాల మీద దొర్లింది. ఇట్లా రాస్తే అత్త ఊరుకునేది కాదు. "ఎన్ని రైళ్ళు ఆగినాయిరా? పోయి చూసొచ్చినావా?" అని అడిగేది. కాబట్టి జరిగింది జరిగినట్టే రాస్తాను. నా చేతిలోని టీ గ్లాసు జారి కింద కూడా పడలేదు. టీ చల్లారింది, అంతే. మొదట నన్ను ఆవహించింది దుఃఖం కాదు, భయం.

ఫోను చేసింది ధర్మవరంలో మగ్గం నేసే ఓబులేసు. "జయరాజన్నా, అత్త పోయింది. మా మగ్గం కాడ్నే. పోగులు అతుకుతా అతుకుతా, రవ్వంత ఒరుగుతా అనింది. లేపితే లేయలా." కాసేపు ఏడ్చాడు. ఏడుపు ఆపుకుని, "రేపు భూస్థాపన. మైకు నువ్వే తీసుకురా. ఎలుగుబంటి సాక్ష్యం నువ్వే చెప్పల్ల. ఊరంతా వినల్ల" అన్నాడు.

నా భయానికి కారణం అదే. ఆ ఎలుగుబంటి సాక్ష్యం అబద్ధం. అది అబద్ధమని తెలిసినవాళ్ళు ఈ భూమండలం మీద ఇద్దరే ఇద్దరు. ఒకరు నేను. రెండోవారు ఆ సాయంత్రమే వెళ్ళిపోయారు.

మన సంఘ పత్రిక చదివేవాళ్ళలో దానమ్మ అత్తను ఎరగనివాళ్ళు ఉండరు. ఒకవేళ ఉన్నా, మడకశిర మొదలు రొళ్ల దాకా ఆమె వేలు తాకని పట్టుచీర కట్టిన పెళ్ళికూతురు ఉండదు. ("రొళ్లకు నేనెప్పుడు పోయినారా?" అనేది అత్త ఇక్కడ.) మా నాయనకు తోడబుట్టింది. చెన్నేకొత్తపల్లి దగ్గర పల్లెలో పుట్టి, ధర్మవరంలో మెట్టి, మామ పోయాక అక్కడే ఒంటిగదిలో నిలిచిపోయింది. నాలుగడుగుల పదంగుళాల మనిషి. ఆ పొడవులో ముక్కాలు భాగం భయమే. బల్లి పలికితే ఉలిక్కిపడేది. కుక్క నిద్రపోతున్నా ఆ వీధి వదిలి ఇంకో వీధి చుట్టి వచ్చేది. ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురానికి ప్యాసింజరు రైల్లో ఎన్ని వందల సార్లు తిరిగిందో లెక్కలేదు, ఒక్కసారి కూడా టికెట్టు లేకుండా ఎక్కలేదు. అయినా పెట్టెలో ప్యాంటు వేసుకున్నవాడు కనబడితే చాలు, కొంగుముడి విప్పి టికెట్టు చూపించేది. ఒకసారి ఒక దంతవైద్యుడు ఆ టికెట్టును రెండువైపులా తిప్పి చూసి, "బాగుందమ్మా" అని తిరిగిచ్చాడు.

ఇంత భయస్థురాలు ఇంటింటికీ దేవుని మాట మోసుకుపోయే పనికి ఎట్లా పూనుకుంది? ఈ ప్రశ్నకు మన సంఘంలో రకరకాల మహిమాన్విత వృత్తాంతాలు ప్రచారంలో ఉన్నాయి. దర్శనం వచ్చిందని కొందరు, వెలుగు కనబడిందని కొందరు. వాటిలో రెండు నేను పుట్టించినవే. అసలు సంగతి ఇది.

తొంభైల మొదట్లో ధర్మవరంలో ఒక ఇంట గృహకూడిక జరిగింది. బయటి ఊరి నుంచి వచ్చిన పాస్టరు అయ్యగారు గంభీరమైన ప్రసంగం చేసి, చివర్లో, "దేవుని మాటను మీ రోజువారీ పనిలోనే ఇంటింటికీ చేరవేస్తామనే వాళ్ళు ఎవరైనా ఉంటే లేచి నిలబడండి" అన్నారు. నలభై మంది ఒక్కసారిగా చాప వైపు చూశారు. ఆ చాప అల్లికను ఆ రోజు పరీక్షించినంత శ్రద్ధగా దాన్ని అల్లినవాడు కూడా చూసుకుని ఉండడు. అప్పటికి రెండు గంటలుగా కాలు మడిచి కూర్చున్న అత్తకు ఎడమకాలు తిమ్మిరెక్కి కొయ్యబారింది. ఓర్చుకుంది, ఓర్చుకుంది, ఇక పట్టలేక గోడ పట్టుకుని లేచింది. స్తోత్రధ్వనితో ఇల్లు దద్దరిల్లింది. అయ్యగారు ఆమె తలమీద చెయ్యి ఉంచి సుదీర్ఘంగా ప్రార్థించారు. ప్రార్థన అయ్యేవరకు అత్త ఒంటికాలి మీద నిలబడి ఉంది.

వారం రోజులు ఆమెకు కూడు సహించలేదు. ఎనిమిదో రోజు అయ్యగారిని వెతుక్కుంటూ పోయి, వణుకుతూ చెప్పేసింది. "అయ్యగారూ, దేవుని పేరు చెప్పి మోసం చేసినా. నేను లేచింది తిమ్మిరికి."

ఆయన నవ్వలేదట. "లేచినావు కదా తల్లీ. కూర్చోగలవా మళ్ళీ?" అని అడిగారట.

"కూర్చుండేదానికి శానా చూసినా. మనసు కూర్చోలా," అని అత్త నాతో చెప్పింది. "దేవుడు నా నోటిని పిలవలేదురా. నోరైతే వద్దనేది. నా కాళ్ళను పిలిచినాడు." ఈ మాటను ఆమె జీవితాంతం అనేది. తిమ్మిరి సంగతి ఎవరడిగినా దాచేది కాదు. దర్శనం వచ్చిందటగదమ్మా అని ఎవరైనా అంటే, "తిమ్మిరి వచ్చింది" అని దిద్దేది.

ఆమె పని పోగులు అతకడం. నేత ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. మగ్గం మీద వార్పు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చినప్పుడు దాన్ని ఊడబెరకరు. పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. వేలికి రవ్వంత బూడిద తాకించుకోవడం, పాత పోగు కొసను, కొత్త పోగు కొసను కలపడం, ఒక్క మెలిక. మళ్ళీ బూడిద, మళ్ళీ మెలిక. అట్లా ఒక మగ్గానికి కోటి పోగులు. కోటి కాదు. వేలల్లో ఉంటాయి. కానీ కోటి అనిపిస్తాయి. ఒక్క పోగు జారవిడిచినా, రెండు పోగులు ఒక్కటిగా కలిపినా, చీర పొడుగునా గీత పడుతుంది. కాబట్టి అత్త ఏ ఇంట అడుగుపెట్టినా మగ్గం వెనక ఒకచోట కదలకుండా పొద్దంతా కూర్చోవాల్సిందే.

మొదటి ఇంట్లో మధ్యాహ్నం దాకా నోరు పెగల్లేదు. పోగులతో గొణుక్కుంటుంటే ఇంటావిడ వినింది. "ఏమంటాండావు దానమ్మక్కా?"

"ఏం లేదమ్మా... దేవుడు... దేవుడు మీ ఇంటి తట్టు చూస్తాన్నాడు అంటాండా."

"అయ్యో, సున్నం కూడా కొట్టించలేదే," అంది ఆ తల్లి.

అత్త తొలి సువార్త ప్రసంగం ఇంతే. ఇంటికొచ్చి జ్వరంతో పడుకుంది. కానీ ఆ ఇంటావిడే మర్నాడు వచ్చి, "చూస్తాన్నాడంటివే, నా బిడ్డకు చెవిపోటు, అది కూడా చూస్తాడా?" అని అడిగింది. అత్త లేచి కూర్చుని, "పేరు చెప్పమ్మా" అనింది. బిడ్డ పేరు చెప్పింది. ఆ రోజు అతికిన ప్రతి పోగుకూ ఆ పేరు ఒకసారి అనుకుంది. అప్పటి నుంచి అదే ఆమె పద్ధతి. ఏ ఇంటికి పోయినా బాగలేనివాళ్ళు, బాధలో ఉన్నవాళ్ళు ఎవరని అడగడం, పేరు తీసుకోవడం, ఆ పేరును పోగు పోగునా దేవుని ముందర పెట్టడం. ఎవరైనా అడిగితే తన ప్రభువు సంగతి చెప్పేది. అడగకపోతే బూడిద తాకించుకుని ఇంకో పోగు అందుకునేది.

అందరూ ఆదరించారని రాస్తే అది నా మార్కు అబద్ధమవుతుంది. హిందూపురంలో ఒక ఇంటి పెద్దాయన, తన కోడలితో ఈమె ప్రార్థన మాట ఎత్తిందని విని గర్జించాడు. "నా ఇంట్లో నీ దేవుని మాట యాల? లేయ్, నడువు బయటికి!" అత్త లేచి బయటి మెట్టు మీద కూర్చుంది. ఆకు వణికినట్టు వణికింది. అరగంట గడిచింది. వాకిట్లోంచి సన్నటి గొంతు వినబడింది. "పెద్దాయనా, తిట్టేది అయిపోయింటే లోపలికి వస్తా. పోగులు సగంలో ఉండాయి."

"ఆ మాట ఎత్తనంటేనే రా!"

"ఎత్తను. నువ్వు అడిగితేనే చెప్తా."

రెండేళ్ళు ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత ఆయనే మగ్గం పక్కకు వచ్చి కూర్చుని, "ఆ దినం అంత వణికినావే, మళ్ళీ ఎట్ల లోపలికి వచ్చినావమ్మా?" అన్నాడు. అత్త పది నిమిషాలు మాట్లాడింది. ఆయన మతం మారలేదు, కూడికకు రాలేదు. కానీ తన మనవరాలికి సుస్తీ చేసినప్పుడు ధర్మవరానికి మనిషిని పంపి పేరు చెప్పించాడు. అత్త ఏ ఇంటా వార్పును సగంలో వదిలింది లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇక ఎలుగుబంటి.

తొంభైల చివర్లో, సీతాఫలాల కాలం. పెనుకొండ కొండ వెనక పల్లెలో ఒక ఇంట ప్రార్థన ఉంటే అత్త నన్ను తోడు రమ్మంది. "నాకు గొంతు లేదు, నీకు గొంతు తప్ప ఏమీ లేదు, ఇద్దరం కలిస్తే ఒక మనిషి అయితాము" అనింది. నేను బ్యాటరీతో పలికే చేతిమైకు భుజాన తగిలించుకున్నాను. పొద్దు వాలుతోంది. బాట మలుపు తిరిగేసరికి సీతాఫలం పొదలో ఏదో నల్లగా కదిలింది. తల ఎత్తింది. మూతి నిండా తెల్లటి గుజ్జు. మా ఇద్దరి వంకా చూసి గుర్రుమంది.

నేను పరుగెత్తాను. నా జన్మలో అంత వేగంగా ఏ పనీ చేయలేదు. అత్తను వదిలేశాను, ఎడమకాలి చెప్పు వదిలేశాను. మైకును మాత్రం వదల్లేదు. పెనుకొండ టీ అంగడి ముందు ఆగినప్పుడు గానీ నేను ఒంటరిగా ఉన్నానని నాకు తెలియలేదు. ఊపిరి కూడదీసుకుని, నలుగురిని పిలవడానికి ధైర్యం తెచ్చుకునేలోగా ఎదురుగా అత్త నడిచొస్తోంది. చేతిలో నా చెప్పు.

"తొడుక్కో. ముల్లు గుచ్చుకుంటాది," అనింది.

నడుస్తూ నెమ్మదిగా చెప్పింది. "నాకు ధైర్యం ఉండి నిలబడలేదురా. కాళ్ళు రాలేదు. కూలబడిపోయినా. నాకొచ్చిన వాక్యాలన్నీ మర్చిపోయినా. నీ పేరొక్కటే నోటికొచ్చింది. జయరాజూ, జయరాజూ అని పిలిచినా. అది నన్ను చూసింది, కాయ తినింది, పోయింది." నా మొహంలోకి చూసింది. "నువ్వు అప్పటికే దూరం పోయినట్టుండావు. వినపడిండదులే."

"వినపడలేదత్తా," అన్నాను.

ఆ తర్వాతి నెల హిందూపురం కూడికలో సాక్ష్యం చెప్పమన్నారు. మైకు నాది, గొంతు నాది, జనం ఎదురుగా ఉన్నారు. ఎలుగుబంటి దూడంత ఉందని మొదలుపెట్టాను. నేను అత్తను వెనక్కి నెట్టి దానికి ఎదురు నిలిచానన్నాను. ప్రభువు నామం ఉచ్చరించగానే అది ముంగాళ్ళు మడిచి మోకరించిందన్నాను. చెప్పు ఊడిన సంగతి నోరు జారి బయటపడితే, అది పరిశుద్ధ స్థలమని తోచి విడిచానన్నాను. పెనుకొండలో చెప్పేసరికి ఎలుగుబంటి ఎనుమంత అయింది. ధర్మవరంలో దాని నీడ పడి కొండ చీకటైంది. ఆ రోజు అత్త ముందు వరసలో కూర్చుని వినింది. కూడిక అయ్యాక దగ్గరికొచ్చి, "ఎవురురా ఆ మగోడు? నాకూ ఒకసారి చూపించు" అనింది. అంతకుమించి అనలేదు.

అక్కడితో పోయుంటే బాగుండు. కానీ ధర్మవరం కూడిక జరిగింది ఓబులేసు ఇంటి సందులో. నా మైకు బూర కట్టింది వాళ్ళ కిటికీకి ఎదురుగా. ఓబులేసు తమ్ముడు హైవే మీద లారీ కింద పోయినప్పటి నుంచి ఓబులేసు గడప దాటడం మానేశాడు. ఏడాదిన్నర. అంగడికి, ఆసుపత్రికి, తమ్ముని సమాధికి కూడా పోలేదు. మగ్గం, గోడ, మగ్గం. వాకిలి దాకా వస్తే చెమటలు పట్టి వెనక్కి పోయేవాడు. ఆ సాయంత్రం నా ఎలుగుబంటి అతని కిటికీలోంచి లోపలికి దూరింది. మర్నాడు పొద్దున ఓబులేసు గడప దాటాడు. నేరుగా నా దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అంత పెద్ద జంతువుకు ఎదురు నిలబడినావంటే, నేను ఒక రోడ్డుకు భయపడేదేందన్నా" అన్నాడు.

ఆ ఆదివారం నుంచి అతడు కూడికలో మొదటి వరస. భయపడేవాళ్ళ ఇళ్ళకు పోయి నా కథ చెప్పేవాడు. అతని నోట ఎలుగుబంటి పెరగలేదు, తగ్గలేదు. నేను చెప్పింది చెప్పినట్టే. అబద్ధాన్ని అంత నిజాయితీగా మోసిన మనిషిని నేను చూడలేదు.

అత్త భయపడింది. మొట్టమొదటిసారి నా మీద గొంతు పెంచింది. "ఓబులేసుకు చెప్పల్లరా."

"చెప్తే మళ్ళీ ఇంట్లో దూరుకుంటాడత్తా."

"వాని నమ్మకం ఎలుగుబంటి మీద నిలబడింటే, అది ఎన్ని దినాలు మోస్తాది? దేవుని మీద నిలబెట్టల్ల."

"అయితే నువ్వే చెప్పు."

"నేను చెప్తే చాడీ అయితాది. నువ్వు చెప్తే సాక్ష్యం అయితాది."

ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు, రైల్లో కలిసినా, బజారులో కలిసినా, పెళ్ళి పందిట్లో నేను మైకు కడుతుంటే నిచ్చెన కింద నిలబడి అయినా, కుశలప్రశ్న బదులు ఒకే ప్రశ్న అడిగేది. "ఓబులేసుకు చెప్పినావా?" నేను సిద్ధంగా ఉంచుకున్న సాకులు చెప్పేవాణ్ణి. పండుగ అయిపోనీ అత్తా. వాని బిడ్డ పరీక్షలు కానీ అత్తా. వర్షాలు కానీ అత్తా. ఆమె కోప్పడేది కాదు. కొంగుముడి బిగించుకుని, "సరే, నీ పేరు కూడా అతుకుతాండా" అనేది. అత్తను చూస్తే పారిపోవాలనిపించేది నాకు. ఆ నాలుగడుగుల పదంగుళాల మనిషి ముందు ఎలుగుబంటి నయమనిపించేది.

భూస్థాపన రోజు ధర్మవరం సమాధుల తోటలో బూర కట్టాను. మూడు ఊళ్ళ జనం వచ్చారు. హిందూపురం పెద్దాయన కోడలు కూడా వచ్చింది. పెట్టెను గుంతలోకి దింపారు. ఒక్కొక్కరు పిడికెడు మన్ను తీసుకుని వరసలో నిలబడ్డారు. ఓబులేసు అందరికంటే ముందు. మా సంఘం అయ్యగారు నా పేరు పిలిచారు. అలవాటు కొద్దీ మైకు మీద రెండుసార్లు తట్టాను. పారిపోవడానికి దారి ఎటుందో కళ్ళు వాటంతటవే వెతికాయి. అత్త పెట్టె మీద కప్పిన తెల్లగుడ్డ కొస ఒకటి మడత పడి ఉంది. దాన్నే చూస్తూ మొదలుపెట్టాను.

"ఎలుగుబంటి మోకరించలేదు. సీతాఫలం తినింది. నేను ఎదురు నిలబడలేదు. మా అత్తను వదిలేసి పరుగెత్తినా."

జనంలో కలకలం రేగింది. అక్కడితో ఆపొచ్చు. ఎవరికీ తెలియని, అత్తకు కూడా చెప్పని ముక్క ఇంకొకటి ఉంది. దాన్ని గుంత అంచున కాక ఇంకెక్కడ చెప్పేది?

"ఆమె నన్ను పేరు పెట్టి పిలిచింది. వినపడలేదని ఆమెకు చెప్పినా. వినపడింది. రెండుసార్లూ వినపడింది. వినపడినాక ఇంకా జోరుగా పరుగెత్తినా."

ఆ బూర ఆ మాటను గోడ దాటించి రోడ్డు దాకా పంపింది. ఓబులేసు నా వైపు చూశాడు. పిడికిట్లోని మన్ను గుంతలో వేయకుండానే జనాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

మూడు రోజులు నేను పడిన భయం వర్ణనాతీతం. నేను వర్ణించలేనిది ఉందంటే దాని ప్రమాణం మీరే ఊహించుకోండి. ఫోను మోగితే మైకు పెట్టెల వెనక్కి దూరేవాణ్ణి. మూడో రోజు ఓబులేసు భార్య లచ్చుమక్క చేసింది. "ఆయప్ప గడప దాటలేదన్నా. మగ్గం కాడ కూచోనుండాడు. ఎవురితోనూ మాట్లాడల్యా."

ప్యాసింజరు ఎక్కాను. పెనుకొండ దాటుతుంటే కొండ వైపు చూడలేక తల తిప్పుకున్నాను. పెట్టెలోకి ప్యాంటు వేసుకున్న ఒకాయన వచ్చాడు. నాకు తెలియకుండానే జేబులోంచి టికెట్టు తీసి చూపించాను.

ఓబులేసు మగ్గం పక్కన కూర్చుని ఉన్నాడు. గూట్లో ఎండిన మట్టిపెళ్ళ ఒకటి ఉంది. ఆ రోజు పిడికిట్లో పట్టుకుపోయిందే. మగ్గం వెనక అత్త కూర్చునే చోట గోనెపట్ట, పక్కన బూడిద చిప్ప. బూడిదలో ఆమె వేలి గుంట అట్లాగే ఉంది. వార్పులో సగం పోగులు అతికి ఉన్నాయి. మిగతా సగం విడిగా వేలాడుతున్నాయి.

అతడు తల ఎత్తకుండా అడిగాడు. "ఎలుగుబంటి అయితే ఉన్నింది కదా?"

"ఉన్నింది."

"ఆమెను ఏమీ చెయ్యలా కదా?"

"చెయ్యలా."

"నువ్వు లేకపోయినా చెయ్యలా."

"నేను లేకపోయినా."

అతడు పోగుల వైపు చూస్తూ అన్నాడు. "ఇన్నాళ్ళూ నిన్ను తలుచుకుని గడప దాటినా. ఇప్పుడు ఎవురిని తలుచుకుని దాటల్ల? నాకు భయమైతాంది జయరాజన్నా."

"నాకూ," అన్నాను. నేను అతనితో చెప్పిన మొదటి నిజమైన మాట అది. దానికి ఏ అలంకారమూ తోచలేదు.

"కూచో," అన్నాడు. "సగం ఉండాది. ఆమె యాడా సగంలో ఇడిసిపెట్టలా."

"నాకు రాదబ్బా."

"నాకొస్తాది. నువ్వు పోగు తీసి అందియ్యి."

అత్త గోనెపట్ట మీద కూర్చోడానికి నాకు ధైర్యం చాలలేదు. పక్కన నేల మీద కూర్చున్నాను. అతడు వార్పుకు అవతల, మగ్గం మరుగున ఉన్నాడు. మనిషి కనబడడు, గొంతే వినబడుతుంది. "జయరాజన్నా." "ఉండా." పోగు అందించాలి. "జయరాజన్నా." "ఉండా." మళ్ళీ పోగు. ఒకసారి తొందరలో రెండు పోగులు ఒక్కటిగా అందించాను. "రెండుండాయి. తిరగదియ్యి," అన్నాడు. తిరగదీశాను. నా వేళ్ళు అంత వణుకుతున్నా పోగులు తెగలేదు. పట్టు అంత గట్టిదని నాకు అప్పుడే తెలిసింది. ప్రతి పోగుకూ ఒక పేరు అనుకోవాలని గుర్తొచ్చింది. నాకు ఒకే పేరు తోచింది. అది మరుగు నుంచి పిలుస్తున్న గొంతుదే.

పొద్దు వాలేసరికి పోగులు అయిపోయాయి. నా రెండు కాళ్ళూ కొయ్యబారాయి. తట్టుకోలేక గోడ పట్టుకుని లేచి నిలబడ్డాను.

గుమ్మంలో లచ్చుమక్క ఉంది. "చెన్నేకొత్తపల్లిలో మా చెల్లెలికి బాగలేదన్నా," అంది. "అత్త అయితే పేరు అడిగేది. లేచి నిలబడితివే, అడిగేదానికేమో అనుకుంటి."

నేను లేచింది తిమ్మిరికమ్మా అని చెప్పాలి. చెప్పడానికే నోరు తెరిచాను. ఎలుగుబంటి ముందు వేసినంత భయం వేసింది. లోకంలో ఎన్నో అబద్ధాలు అవలీలగా ఆడిన నా నోటికి ఆ చిన్న నిజం రాలేదు. దాని బదులు ఇంకో మాట వచ్చింది.

"పేరు చెప్పమ్మా."

చెప్పింది. ఓబులేసు గూట్లోంచి మట్టిపెళ్ళ తీసుకున్నాడు. గడప దాకా వచ్చి ఆగాడు. నుదుట చెమట పట్టింది. "నువ్వు ముందు నడువు," అన్నాడు.

"నేనా?"

"వెనకాల ఉంటే నువ్వు పారిపోయినా తెలియదు. ముందుంటే కనపడతావు."

ముందు నడిచాను. వెనక గడప మీద అడుగు పడిన చప్పుడు వినబడింది. సమాధుల తోట దాకా పది అడుగులకోసారి అతడు పిలిచాడు, నేను పలికాను. లారీ పక్కనుంచి పోయినప్పుడు రెండుసార్లు పిలిచాడు. రెండుసార్లూ పలికాను. మట్టిపెళ్ళను చేత్తో పొడి చేసి అత్త మీద చల్లాడు.

అత్తా, నీ స్థానాన్ని నేను భర్తీ చేశానని ఈ మూడు ఊళ్ళలో ఎవరైనా అంటే అది నేనే పుట్టించిన మాటని నీకు తెలుసు. ధర్మవరంలో పోగులు అతికేవాళ్ళు ఉన్నారు. ప్రసంగాలు చేసేవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. వణుకుతూనే మెట్టు దిగి, వణుకుతూనే మెట్టెక్కి, సగంలో ఉన్నాయని తిరిగి లోపలికి వచ్చే మనిషి మాత్రం లేదు. ఆ గోనెపట్ట ఖాళీగానే ఉంది. ఓబులేసు ప్రతి ఆదివారం కూడికకు వస్తున్నాడని రాయాలని ఉంది. కొన్ని ఆదివారాలు వస్తున్నాడు. కొన్ని ఆదివారాలు గడప దాకా వచ్చి ఆగిపోతున్నాడు. అప్పుడు లచ్చుమక్క ఫోను చేస్తుంది. నేను రైలెక్కి పోయి ఆ గడప అవతల నిలబడతాను. లోపలి నుంచి నా పేరు వినబడుతుంది.

ఇక్కడే ఉండానత్తా. భయంగానే ఉండాది.